ఎదుగూ బొదుగూ లేని మామిడి మొక్కలు: ఒకే తోటలో జీవన ఎరువులు ఓడిన తీరు, గెలిచిన తీరు

ఈ తోట గురించి రాయడానికి కారణం ఇందులో రైతు చేసిన తప్పులు కాదు. ఆ తప్పులన్నీ చూసి, సరిచేస్తానని వెళ్లి, నేనూ ఒక తప్పు చేశాను. దానివల్ల మూడు నెలలు పోయాయి. జీవన ఎరువుల మీద, అంటే మొక్కకు మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులతో చేసిన ఎరువుల మీద, ఎవరైనా సలహా అడిగితే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ మూడు నెలలే.

తోట

చిత్తూరు నుంచి బస్సులో గంటలోపు చేరే ఊరు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు కూడా తీసేశాను. నాలుగెకరాల ఎర్ర గరప నేల. అడుగున్నర దాటితే గులకరాయి, దాని కింద గట్టి పొర. చాలా ఏళ్లు ఏటా చెనిక్కాయే (వేరుశనగే) వేసేవాళ్లు. వాన నమ్మకం లేక, కూలీలు దొరక్క, చివరికి అందరిలాగే మామిడి వైపు తిరిగారు. 2020 అక్టోబరులో ఏడున్నర మీటర్ల దూరంతో దాదాపు 280 తోతాపురి అంట్లు నాటారు. ఒక బోరు, డ్రిప్పు ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీలు దగ్గరే కాబట్టి ఇంకో రకం గురించి ఆలోచించలేదు.

తోట చూసుకునేది ఇంటావిడ. యాభై దాటిన మనిషి. ఆవిడ భర్తకు మోకాళ్ల నొప్పులు, గట్టు మీద కూర్చుని చెప్పడం వరకే. కొడుకు బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తాడు. మందులు, పరికరాలు ఆన్‌లైన్‌లో తెప్పించేది అతనే.

నన్ను పిలిచింది కూడా కొడుకే, 2022 జూన్ మొదట్లో. ఫోన్లో అతను అడిగిన మొదటి ప్రశ్న మామిడి గురించి కాదు, ఆలివ్ గురించి. మధ్యధరా సముద్రం వైపు దేశాల్లో ఆలివ్ లేత మొక్కలకు వేరు శిలీంధ్రం ఇస్తే ఎలా లేస్తాయో వీడియో చూశాడట. 'అక్కడ ఆర్నెల్లలో అంత తేడా వచ్చింది. అదే మందు నేనూ వేశా సార్, ఇక్కడ ఒక్క ఇగురు కూడా ఎక్కువ రాలేదు' అన్నాడు. ఇగురంటే కొత్త చిగురు.

ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆలివ్‌కూ మామిడికీ ఈ విషయంలో పోలిక ఉంది. రెండూ వేర్లలో వ్యామ్ అనే శిలీంధ్రానికి (వేరులో ఉంటూ చెట్టుకు భాస్వరం తెచ్చిపెట్టే బూజుకు) చోటిచ్చే చెట్లే. రెండూ రాతి నేలల్లో, తక్కువ నీటితో నెట్టుకొచ్చేవే. తేడా ఎక్కడుందంటే, వ్యామ్ వాడే ఆలివ్ నర్సరీల్లో కొమ్మ ముక్కకు కొత్తగా వేరు పుట్టే దశలోనే శిలీంధ్రాన్ని ఇస్తారు. వేరు, బూజు కలిసి పెరుగుతాయి. ఇక్కడ ఏం జరిగిందో చూడాలంటే తోటకు వెళ్లాల్సిందే.

సమస్య

నాటి ఇరవై నెలలైనా మొక్కలు మోకాలు దాటి కొంచెం పైకొచ్చాయి, అంతే. కొలిస్తే చాలావరకు 60 నుంచి 75 సెంటీమీటర్లు. పక్క తోటలో అదే ఏడాది నాటినవి నా ఛాతీ దాకా ఉన్నాయి. ఆకులు చిన్నవి, సన్నవి, కొసలు మాడినట్టు ఉన్నాయి. లేత మామిడి ఏడాదికి మూడు నాలుగు సార్లైనా ఇగురు వేయాలి. ఇక్కడ రెండుసార్లు వేస్తే గొప్ప. మొదటి ఎండాకాలంలో ఇరవై రెండు చచ్చిపోతే వాటి చోట మళ్లీ నాటారు. అవీ అలాగే ఉన్నాయి.

'ఎదుగూ లేదు బొదుగూ లేదు నాయినా. సావవు, బతకవు. బిడ్డలకు అన్నం పెట్టినట్టు పెడతా ఉండాము' అందావిడ.

ఆ 'పెడతా ఉండాము' అన్న మాట దగ్గరే నేను ఆగి అడగాల్సింది. ఏం పెట్టారో అడిగాను గానీ, ఎంత పెట్టారో కూడిక వేయలేదు. అది తర్వాత చెబుతాను.

అప్పటికే చేసినవి

బోరు షెడ్డులో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఖాళీవి, సగం ఉన్నవి కలిపి పదకొండు రకాలు. జీవన ఎరువులు అనదగ్గవి నాలుగు.

మొదటిది మూడు రకాల బాక్టీరియా కలిపిన ద్రవం సీసా. గడువు ఇంకా నాలుగు నెలలుంది. కానీ అది మార్చి నుంచి రేకుల షెడ్డులోనే ఉంది. మే నెలలో మన వైపు బయటే 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం రేకుల కింద చెయ్యి పెట్టలేం. గాలిలో నత్రజని పట్టే అజోస్పైరిల్లం, అజటోబాక్టర్, ఇంకా భాస్వరం కరిగించే బాక్టీరియా, అన్నీ బతికున్న జీవులు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ద్రవరూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు, పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు బతికున్న కణాలు ఉండాలి. అది లేబుల్ మీద ఉండే లెక్క. ఆ సీసాను తెలిసిన ల్యాబ్‌లో ఇచ్చి లెక్కించమన్నాను. బతికున్నవి దాదాపు లేవనే జవాబు వచ్చింది. తయారుచేసినవాళ్ల తప్పా, కొరియర్ వ్యాన్ తప్పా, షెడ్డు తప్పా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

రెండోది రైజోబియం పాకెట్. కొట్టు అతను 'నత్రజని బాక్టీరియా' అని ఇచ్చాడట. అది చెప్పింది నిజమే, కానీ రైజోబియం పప్పుజాతి వేర్ల బుడిపెల్లోనే పనిచేస్తుంది. మామిడి వేరుతో దానికి చుట్టరికం లేదు. ఇదే పాకెట్‌ను ముప్పై ఏళ్ల క్రితం చెనిక్కాయ విత్తనానికి పట్టించి ఉంటే ఉపయోగం ఉండేది.

మూడోది వ్యామ్ పొడి. దాన్ని పాదులో మట్టి మీద చల్లి నీళ్లు కట్టారు. వ్యామ్ మట్టి మీద ఉండి చేసేదేం లేదు, దాని బీజాలకు వేరు తగలాలి. ఇంకో సగం పొడిని కొడుకు బెల్లం నీళ్ల డ్రమ్ములో కలిపి వారం పులియబెట్టి డ్రిప్పులో వదిలాడు. బాక్టీరియాకు బెల్లం నీళ్లు చాలామంది వాడతారు. శుభ్రత లేకపోతే అక్కడ కూడా మనకు కావలసినవాటికంటే ఊరి బాక్టీరియానే ఎక్కువ పెరుగుతుంది. వ్యామ్ విషయంలో అసలు ఆ ప్రశ్నే లేదు. అది బతికున్న వేరు లేకుండా పెరగదు. అందుకే తయారుచేసేవాళ్లు జొన్న, మొక్కజొన్న వేర్ల మీద పెంచుతారు. ఆ డ్రమ్ము సంగతి చెబితే పెద్దాయన గట్టు మీద నుంచి గట్టిగా నవ్వాడు: 'బెల్లం కిలో ఎంతో వాడికేం తెలుసు!'

నాలుగోది ట్రైకోడెర్మా, చెడ్డ బూజును అణిచే మంచి బూజు. ఇది మంచి పాకెట్టే. కానీ వేరుకుళ్లు అనుమానంతో కార్బెండజిమ్ పోసిన మూడో రోజు వేశారు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. శిలీంధ్రనాశినికి మంచి బూజు, చెడ్డ బూజు అనే తేడా తెలియదు. వ్యామ్ కూడా ఆ మందుకు తట్టుకోలేదు.

ఇవి కాక గుంతలో సూపర్ (సూపర్ ఫాస్ఫేట్), తర్వాత డీఏపీ, యూరియా, డ్రిప్పులో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు), రెండు రకాల హ్యూమిక్ ఆమ్లం మందులు.

నేను మొదట చేసింది, ఎందుకు చేశానంటే

ఇదంతా చూశాక నా మనసులో కథ తయారైపోయింది. వేసినవన్నీ చచ్చినవి, లేదా తప్పు చోట వేసినవి. కాబట్టి బతికున్నవి, సరైన చోట, సరైన పద్ధతిలో వేస్తే పని అవుతుంది. లెక్కకు బాగానే ఉంది కదా? ఆ నమ్మకంతోనే మొక్కను తవ్వి చూడలేదు. మట్టి పరీక్ష రెండేళ్ల కిందట చేయించిన కాగితం ఉందంటే దాన్నే చూశాను. మొక్కలు నాటడానికి ముందు చేసిన పరీక్ష అది.

తాజా పాకెట్లు నేనే తెచ్చాను, తయారీ తేదీ నెల దాటనివి. పశువుల ఎరువులో అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా (భాస్వరం కరిగించే బాక్టీరియా) కలిపి నీడలో, తడి గోనెపట్టాల కింద వారం ఉంచాం. జూలై మొదటి వారంలో నలభై మొక్కలకు పాదులో నాలుగు చోట్ల జానెడు లోతు గుంటలు తీసి ఆ ఎరువు, వ్యామ్ వేసి మూసేశాం. సాయంత్రం పూట, తడి మీద. పక్క వరుసలో నలభై మొక్కలకు అదే ఎరువు, సూక్ష్మజీవులు లేకుండా. ప్రతి మొక్కకూ అంటుకట్టుకు జానెడు పైన సున్నంతో గీత పెట్టి, అక్కడ దారంతో చుట్టుకొలత తీశాను. తేడా ఉంటే కళ్లతో కాకుండా కొలతతో తెలియాలని.

సెప్టెంబరు చివర్లో మళ్లీ కొలిచాను. రెండు వరుసల మధ్య తేడా లేదు. దారం కొంచెం బిగించి పట్టుకుంటే వచ్చేంత తేడా కూడా లేదు.

ఆవిడ ఏమీ అనలేదు. టీ ఇచ్చి, 'పోయిన మందుల్లో ఇది కొంచెం మర్యాదైన మందు, అంతే కదా నాయినా' అంది. ఆ మాట నాకు చాలారోజులు గుచ్చుకుంది.

తవ్వి చూడటం

అక్టోబరు మొదట్లో రెండు మొక్కలు పీకుతానని అడిగాను. బతికున్న చెట్టును పీకడం ఏమిటని ఆవిడ ససేమిరా అంది. 280లో రెండు పోతే మిగతావాటి సంగతి తెలుస్తుందని పెద్దాయన ఒప్పించాడు. పలుగుతో పక్క నుంచి గాడి తీసి, నీళ్లు పోసి మట్టి కడిగాం.

వేర్ల ముద్ద సరిగ్గా నర్సరీ కవరు ఆకారంలోనే ఉంది. తల్లివేరు కవరు అడుగున తగిలి, పక్కకు తిరిగి, రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఇరవై నాలుగు నెలలు భూమిలో ఉన్నా ఆ వేర్లు ఇంకా కవరులో ఉన్నట్టే ఉన్నాయి. అంట్లు కొన్నప్పుడే కవర్లలో ఎక్కువ కాలం నిలవ ఉన్నవని తేలిపోయింది. రెండో మొక్కలో ఇంకో విషయం కనిపించింది. గుంతలు ట్రాక్టర్ డ్రిల్లుతో తీశారు. తడి మీద తిరిగిన డ్రిల్లు ఆ ఎర్రమట్టి గోడను కుండలా నున్నగా మెత్తేసింది. బయటికొచ్చిన నాలుగైదు వేర్లు గోడ దాకా వెళ్లి, అక్కడ నుంచి గోడ వెంబడే చుట్టూ తిరిగాయి. మీటరు గుంత అని చెప్పారు గానీ, ఉన్నది అడుగున్నర వెడల్పు.

అప్పుడు డ్రిప్పరు వైపు చూశాను. ఒక్కటే డ్రిప్పరు, కాండాన్ని ఆనుకుని ఉంది. రోజూ నీళ్లు. తడి అంచు చుట్టూ తెల్లటి ఉప్పు గీత. నేను జూన్ నుంచి ఆ గీతను ఐదారు సార్లు చూసి ఉంటాను. చూశాను గానీ పట్టించుకోలేదు.

ఈసారి గుంతలోని మట్టి, గుంతకు రెండు మీటర్ల దూరంలో మట్టి, బోరు నీళ్లు విడివిడిగా పరీక్షకు పంపాను. గుంత బయట సేంద్రియ కర్బనం తక్కువ, భాస్వరం తక్కువ. పాత చెనిక్కాయ చేను ఎలా ఉండాలో అలా. గుంత లోపల భాస్వరం 'ఎక్కువ' కంటే ఎక్కువ. నీళ్లలో బైకార్బొనేట్లు, లవణాలు మామిడికి ఇబ్బంది పెట్టేంత ఉన్నాయి.

అప్పుడు కూర్చుని కూడిక వేశాను. గుంతకు రెండు కిలోల సూపర్. సూపర్‌లో భాస్వరం 16 శాతం, అంటే 320 గ్రాములు. తర్వాత రెండేళ్లలో నాలుగుసార్లు డీఏపీ, ఒక్కోసారి 200 గ్రాములు. డీఏపీలో 46 శాతం, అంటే ఇంకో 368. మొత్తం 690 గ్రాముల దరిదాపు. మన వైపు సిఫారసు మొదటి ఏడాది 100, రెండో ఏడాది 200 గ్రాములు. రెండింతలు దాటిపోయింది. అదీ అడుగున్నర వెడల్పు గుంతలో. గుంతలో సూపర్ వేయడం తప్పు కాదు, దాని మీద డీఏపీ పోస్తూ పోవడమే తప్పు.

ఇప్పుడు జూలైలో నేను వేసినవి ఎందుకు ఓడిపోయాయో ఒక్కొక్కటే అర్థమైంది. వ్యామ్‌కూ చెట్టుకూ మధ్య ఉండేది బేరం. చెట్టు చక్కెర ఇస్తుంది, బూజు దూరం నుంచి భాస్వరం తెచ్చి ఇస్తుంది. వేరు పక్కనే భాస్వరం గుట్టగా ఉంటే చెట్టు ఆ బేరానికి రాదు, బూజును లోపలికి రానివ్వడం తగ్గించేస్తుంది. ఫాస్ఫోబాక్టీరియా కూడా అంతే. కరిగించడానికి లోటేమీ లేని చోట దాని పనేముంది? అజోస్పైరిల్లం లాంటివి గాలిలో నత్రజని పట్టాలంటే బోలెడు శక్తి కావాలి, ఆ శక్తి సేంద్రియ పదార్థం నుంచి, వేరు వదిలే రసాల నుంచి రావాలి. కర్బనం లేని ఎర్రనేల, చుట్టుకుపోయి కదలని వేరు. అవి ఏం తిని బతకాలి? చిన్నాకులకు కూడా కారణం దొరికింది. భాస్వరం ఎక్కువై, నీళ్లలో బైకార్బొనేట్లు ఉంటే జింకు అందదు. సన్నటి చిన్న ఆకులు జింకు లోపం లక్షణం.

మళ్లీ మొదలు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నాం. అన్నీ పీకి కొత్తవి నాటాలని కొడుకు. రెండేళ్లు పోయినట్టేనా అని తల్లి. నాకు రెండు వైపులా న్యాయం కనిపించింది. చుట్టుకున్న తల్లివేరును భూమిలో సరిచేయడం ఎవరివల్లా కాదు. అలాంటి చెట్టు రేపు కాపుకొచ్చాక గాలివానకు పక్కకు ఒరుగుతుంది. కానీ పక్కవేర్లు గోడ దాకా వచ్చిన మొక్కలకు ఆ గోడ పగలగొడితే దారి దొరుకుతుంది. అన్నీ పీకడం కంటే ముందు ఏవి దేనికి పనికొస్తాయో చూడటం మేలనిపించింది.

ఒక మోటు పరీక్ష పెట్టుకున్నాం. కాండం పట్టుకుని మెల్లగా ఊపితే మొదలు దగ్గర మట్టితో సహా కదిలేవి తీసేయడం. అలా 58 తేలాయి. మిగతావి ఉంచాం.

ఉంచినవాటికి చేసింది ఇది. కాండానికి రెండడుగుల దూరంలో, ఒక్క వైపు మాత్రమే, అర్ధచంద్రాకారంలో కాలువ తీసి, అక్కడి నుంచి లోపలికి గడ్డపారతో పాత గుంత గోడను పగలగొట్టాం. రెండు వైపులా ఒకేసారి తవ్వితే ఉన్న కాసిని వేర్లూ తెగుతాయి, రెండో వైపు మరుసటి ఏడాదికి వదిలాం. డ్రిప్పరు కాండం నుంచి అడుగున్నర దూరం జరిపి, ఒకటికి రెండు చేశాం. రోజూ కొంచెం కాకుండా నాలుగు రోజులకోసారి బాగా. డీఏపీ, సూపర్, 19:19:19 పూర్తిగా బంద్. నత్రజని కొద్దికొద్దిగా. పొటాష్ మ్యూరేట్ (క్లోరైడ్) రూపంలో కాకుండా సల్ఫేట్ రూపంలో, అసలే ఉప్పు నీళ్లకు క్లోరైడ్ తోడు చేయకూడదని. కొత్త ఇగురు మీద లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ.

కాలువల్లో మాగిన ఎరువు నింపాం. ఇక్కడ చిన్న పరీక్ష కొనసాగించాను: జూలైలో తీసుకున్న ఎనభై మొక్కల్లో తీసేసినవి పోను మిగిలినవాటిలో ఒక వరుసకు సూక్ష్మజీవులు కలిపిన ఎరువు, ఇంకో వరుసకు ఉత్త ఎరువు.

కొత్త మొక్కలు

తీసేసిన 58 చోట్ల అదే గుంతలో నాటలేదు. వరుస వెంబడే ఐదడుగులు జరిపి, సూపర్ గానీ డీఏపీ గానీ ఎప్పుడూ పడని నేలలో, మనుషులతో గుంతలు తీయించాం. కూలి ఎక్కువైంది. గుంత గోడను పలుగుతో గరుకుగా చెక్కించాను. చూసేవాళ్లకు అది పిచ్చిపనిలా కనిపించింది.

అంట్లు కొనేటప్పుడు ఆవిడ నాతో నర్సరీకి వచ్చింది. ఒక మొక్కకు డబ్బిచ్చి అక్కడే కవరు చింపి వేరు చూశాం. ఒక చోట చుట్లు కనిపిస్తే ఇంకో చోటికి వెళ్లాం. మూడో నర్సరీలో దొరికాయి. ఎత్తు తక్కువ, ఆకులు తక్కువ, కానీ వేరు నిటారుగా ఉంది. పొడుగ్గా ఉన్నవే మంచివని మనకు కళ్లకు అలవాటు. కవరులో పొడుగ్గా ఎదిగిందంటే కవరులో ఎక్కువ రోజులు ఉందనే అర్థం.

ఎరువు తయారీకి పదిహేను రోజులు ముందే మొదలుపెట్టాం. 90 కిలోల మాగిన పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి. చేత్తో పిండితే ముద్దయ్యి నీళ్లు కారనంత తడి. చింతచెట్టు నీడన పరిచి గోనెపట్టాలు కప్పి, మధ్యలో ఒకసారి తిరగేశాం. పైన పచ్చటి బూజు పట్టాక, నాటే ముందురోజు అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా కలిపాం. పాకెట్లను ఈసారి షెడ్డులో పెట్టలేదు. వంటింట్లో తాగేనీళ్ల కుండ పక్కన, తడిగుడ్డ చుట్టిన మట్టి బానలో ఉంచింది ఆవిడ. నేను చెప్పిన ఉపాయం కాదు అది.

వ్యామ్ మాత్రం విడిగా. కవరు అడుగు కోసి, కొసన వంగిన వేరును కత్తెరతో తీసేసి, మొక్కను గుంతలో నిలబెట్టే చోట 50 గ్రాముల పొడి వేసి, వేరు సరిగ్గా దాని మీద ఆనేలా దింపాం. ఆలివ్ నర్సరీలో చేసేదానికి మనం తోటలో దగ్గరగా వెళ్లగలిగేది ఇంతవరకే: వేరు ఇంకా లేతగా ఉండగా, బూజు దానికి ఎదురుపడేలా చేయడం.

58లో ఒకటి విడిచి ఒకటి. 29కి అన్ని జీవన ఎరువులు, 29కి ట్రైకోడెర్మా పట్టించని అదే పశువుల ఎరువు, వేపపిండి మాత్రమే. ఏది ఏదో నా పుస్తకంలో తప్ప మొక్క దగ్గర గుర్తు పెట్టలేదు. గుర్తు ఉంటే నీళ్లు కట్టేవాళ్ల చెయ్యి 'మంచి' మొక్క వైపు కొంచెం ఎక్కువ పోతుంది. నా చెయ్యైనా అంతే.

పాదుల చుట్టూ జొన్న, అలసంద కలిపి చల్లాం. వ్యామ్‌కు మామిడి వేరు ఒక్కటే సరిపోదు, త్వరగా వేరు పెట్టే పైరు పక్కనే ఉంటే బూజు దాని మీద పెరిగి మామిడికి చేరుతుంది. ఆవాలు, ముల్లంగి లాంటివి ఇందుకు పనికిరావు, ఆ జాతి వ్యామ్‌ను రానివ్వదు. అలసంద విత్తనానికి మాత్రం కొత్తగా కొన్న రైజోబియం పట్టించాం. ఆ రకం పాకెట్‌కు ఆ తోటలో మొదటిసారి తగిన పని దొరికింది.

డిసెంబరులో మాండూస్ తుఫాను వానలు వచ్చాయి. రెండు రోజులు టెన్షన్ పడ్డాం, నీళ్లు నిలిచిన ఏడు పాదులకు అర్ధరాత్రి గండ్లు కొట్టారు. కానీ రెండేళ్లుగా పేరుకున్న ఉప్పును ఆ వాన దించినట్టు ఇంకేదీ దించలేదు. మా లెక్కలో సూక్ష్మజీవుల కంటే ముందు ఆ వానకు వాటా ఇవ్వాలి.

ఫిబ్రవరిలో ఒక పొరపాటు జరిగింది. అలసంద కోసి పాదుల్లో మల్చింగ్‌గా పరిచాం, దాని మీద చెనిక్కాయ పొట్టు కూడా వేశారు. ఎర్రనేల, ఎండు పొట్టు ఉంటే చెదలు రాకుండా ఉంటాయా? మూడు మొక్కల బెరడు తినేశాయి. పొట్టు కాండానికి అడుగు దూరం జరిపి, వేపపిండి చల్లి, రోజూ చూసుకున్నాం. చెదల మందు పాదంతా పోయమని ఒకరు సలహా ఇచ్చారు. అప్పటిదాకా చేసిందంతా ఒక్క డబ్బాతో పోతుందని నేను వద్దన్నాను, పుట్ట కనిపించిన చోట మాత్రమే పోయించాను.

ఏడాది తర్వాత

2023 అక్టోబరులో కొలతలు తీశాం.

ఉంచిన పాత మొక్కలు కదిలాయి. చాలావాటికి ఏడాదిలో నాలుగు ఇగుర్లు వచ్చాయి, ఆకు సైజు మారింది, కొసల మాడు తగ్గింది. కానీ సూక్ష్మజీవులు వేసిన వరుసకూ వేయని వరుసకూ తేడా ఈసారి కూడా చెప్పుకోదగ్గది లేదు. అంటే వాటిని కదిలించింది గడ్డపార, డ్రిప్పరు, డీఏపీ మానడం, వాన. కొడుకు ఆ వరుసలను చూపించి 'బయో వేశాక ఎలా లేచాయో చూడండి' అని ఎవరికో వీడియో తీస్తుంటే ఆపాను. రెండో వరుసకు బయో వేయలేదు కదా అంటే కాసేపు నమ్మలేదు.

కొత్త మొక్కల్లో తేడా కనిపించింది. వేసిన 29లో 28 బతికాయి, వేయని 29లో 25. చెదలు తిన్న మూడింటిలో రెండు ఈ రెండో గుంపువే కాబట్టి బతికిన లెక్కను నేను గట్టిగా పట్టుకోను. చుట్టుకొలత మాత్రం వేసినవాటిలో సగటున 7.1 సెంటీమీటర్లు, వేయనివాటిలో 6.0. మార్చి, ఏప్రిల్‌లో తేడా ఇంకా బాగా తెలిసింది. నీళ్లు నాలుగో రోజుకు వచ్చేసరికి వేయని మొక్కల లేత ఆకులు మధ్యాహ్నం వాలిపోయేవి, వేసినవి ఓర్చుకునేవి. బూజు పోగులు వేరు చేరలేని సందుల్లోకి వెళ్తాయి కాబట్టి అది నాకు ఆశ్చర్యం కాలేదు. రెండు గుంపుల నుంచీ వేరు ముక్కలు తీసి రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూపించాం. వేసినవాటిలో బూజు ఎక్కువ. వేయనివాటిలోనూ కొంత ఉంది. చెనిక్కాయ ఏళ్ల తరబడి పండిన నేలలో వ్యామ్ బీజాలు ముందే ఉంటాయి. మనం కొన్నది లేనిదాన్ని తేవడం కాదు, ఉన్నదానికి కొంత కలపడం.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు జీవన ఎరువుల గురించి ఫోన్ వస్తే పాకెట్ పేరు అడగను. ఒక మొక్కను పీకడానికి ఒప్పుకుంటారా అని అడుగుతాను. ఒప్పుకోకపోతే వెళ్లను. ఇది కొందరికి పొగరులా అనిపిస్తుంది.

మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువ వస్తే వ్యామ్, ఫాస్ఫోబాక్టీరియా కొనవద్దంటాను. అమ్మేవాళ్లకు ఇది నచ్చదు, వాళ్ల చార్టులో 'అన్ని నేలలకూ' అని ఉంటుంది. గుంతలో మట్టి, బయట మట్టి వేరువేరుగా తీయమంటాను. ఈ తోటలో రెండూ కలిపి పంపి ఉంటే సగటున 'మధ్యస్థం' అని వచ్చేది, మనమంతా హాయిగా తప్పుదోవ పట్టేవాళ్లం.

కొత్త తోటలో అయితే ఖర్చు నాటే రోజునే పెట్టమంటాను. నాటిన రెండేళ్లకు పైనుంచి చల్లే డబ్బుతో అప్పుడే వేరు కింద 50 గ్రాములు పెట్టొచ్చు. ఇక చేయకుండా వదిలేయాల్సి వచ్చింది ఒకటి ఉంది. ఆ 29 మొక్కల్లో పని చేసింది వ్యామా, ట్రైకోడెర్మానా, బాక్టీరియానా అన్నది నేను విడదీయలేదు. 58 మొక్కలను నాలుగు గుంపులు చేస్తే ఒక్కో దాంట్లో పద్నాలుగే మిగులుతాయి, రెండు చస్తే లెక్క తారుమారు. వ్యామే అని నా అనుమానం. అనుమానంగానే ఉంచుతున్నాను.

పాత మొక్కలకు రెండో వైపు కాలువలు 2023 అక్టోబరులోనే తీయించాం. అందులో పదకొండు మాత్రం ఇప్పటికీ కదల్లేదు. వాటిని పీకుదామని కొడుకు, ఇంకో వాన చూద్దామని తల్లి. పోయిన మే నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించిన జీవన ఎరువుల పెట్టె ఒకటి మధ్యాహ్నం రెండింటికి వచ్చిందట. ఆవిడ పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, కాలుతోందని, విప్పకుండానే, తెచ్చిన కొరియర్ అబ్బాయితోనే వెనక్కి పంపేసింది.